బడి మానిపించేయాలా డాక్టర్ గారూ?

ప్రశ్న: నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా బాబు మలద్వారం లేకుండా పుట్టాడండి, వెంటనే పొట్ట మీద సంచి పెట్టారు, తర్వాత ఇంకో రెండు ఆపరేషన్లయ్యాక సంచి తీసేశారు, ఇంక గండం గడిచిందనుకున్నాం. ఇప్పుడు ఏడేళ్ళు, రెండో తరగతి. రోజుకి నాలుగైదుసార్లు నిక్కర్లో కొంచెం కొంచెంగా అయిపోతుంది. పల్చగా ఉంటే విరేచనాలనుకుని ఆగడానికి మందు వేశాం, తగ్గలేదు. క్లాసులో పక్కన ఎవరూ కూర్చోవట్లేదని ఏడుస్తున్నాడు. మొన్న కనుమకి అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం, వాణ్ణి మాత్రం మా అత్తగారి దగ్గర వదిలేశాం. నేను గ్రహణంలో బయటికి రావడం వల్లే ఇలా పుట్టాడని ఆవిడ ఇప్పటికీ అంటారు. బడి మానిపించేద్దామంటున్నారు మా ఆయన. వాడి జీవితమంతా ఇంతేనా అండి?
- ఒక తల్లి

జవాబు: బడి మానిపించకండమ్మా. గ్రహణం మాట కూడా మనసులోంచి తీసేయండి, కడుపులో బిడ్డకి మలం దారి, మూత్రం దారి వేరుపడేది మొదటి రెండు మూడు నెలల్లోనే, అప్పుడే జరిగే లోపం ఇది, సుమారు 5000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది, మీరు చేసిన తప్పేం లేదు. ఈ ముక్క మీ అత్తగారికి చదివి వినిపించండి.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ దారి వేస్తుంది గానీ పుట్టుకతోనే సరిగ్గా ఎదగని కండరాన్ని, నరాల్ని తెచ్చి పెట్టలేదు, అందుకే చాలామంది పిల్లలకి వస్తున్నట్టు తెలీదు, తెలిసినా ఆపుకోలేరు. వాడు బద్ధకించి చేస్తున్నది కాదు, కొట్టకండి, తిట్టకండి. వాసన కూడా మనకి తెలిసినంత వాడికి తెలీదు, ముక్కు అలవాటు పడిపోతుంది. మీరు రాసినదాన్ని బట్టి నాకు అనుమానం ఏంటంటే లోపల పేగు నిండా గట్టిగా పేరుకుపోయి పక్కల నుంచి పల్చగా జారుతూ ఉండొచ్చు, అదే అయితే విరేచనాలు ఆగే మందు వేసేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. ఆ మందు ఆపి, పిల్లల సర్జన్‌కి చూపించి పొట్ట ఎక్స్‌రే తీయించండి, నిండి ఉందో ఖాళీగా ఉందో అందులో తెలిసిపోతుంది. ఎందుకంటే కొంతమందికి నిజంగానే పేగు వేగంగా కదులుతుంది, వాళ్ళ వైద్యం వేరు.

ముందు పేరుకున్నదంతా ఖాళీ చేయిస్తారు. తర్వాత అవసరమైతే రోజూ ఒకే టైంకి, రాత్రి భోజనమయ్యాక అనుకోండి, డాక్టర్ చెప్పిన కొలతలో ఎనిమా ఇచ్చి ముప్పావుగంట కమోడ్ మీద కూర్చోబెట్టడం. పేగు మొత్తం ఖాళీ అయితే మళ్ళీ మర్నాడు రాత్రి దాకా నిక్కరు పాడవదు. కొలత కుదరడానికి ఓ వారం పది రోజులు పడుతుంది, మొదట్లో ఏడుస్తాడు, మీకూ ఏడుపొస్తుంది, మధ్యలో వదిలేయకండి. పెద్దయ్యాక అమ్మ చేత చేయించుకోవడం సిగ్గనిపిస్తే, అపెండిక్స్‌తో బొడ్డు దగ్గర చిన్న దారి వేసి అందులోంచి వాడంతట వాడే పేగులోకి నీళ్ళు పంపుకునే ఆపరేషన్ ఉంది, 1990లో మలోన్ అనే సర్జన్ చెప్పిన పద్ధతి.

ఇంకోటి, వాడికి ఏం కష్టంగా ఉందో వాణ్ణే అడగండి. ఇలాంటి పిల్లల జీవితం ఎలా ఉందో చూడ్డానికి డాక్టర్లు వాడే పెడ్స్‌క్యూఎల్ అనే ప్రశ్నపత్రంలో 23 ప్రశ్నలుంటాయి, పరిగెత్తడం, భయం, స్నేహితులు, బడి వీటి గురించి, ఐదేళ్ళు దాటిన పిల్లల్ని నేరుగా అడుగుతారు, తల్లిదండ్రులకి వేరే కాగితం. రెండిట్లో జవాబులు చాలాసార్లు కలవవు. మీకు నిక్కరు బాధ, వాడికి తీర్థానికి తీసుకెళ్ళలేదన్న బాధ ఎక్కువేమో.

హెడ్‌మాస్టర్‌తో విడిగా మాట్లాడండి, అడక్కుండానే బాత్రూంకి వెళ్ళనివ్వమనండి, బడి సంచిలో రెండు నిక్కర్లు, ఓ కవరు పెట్టండి. క్లాసంతటికీ చెప్పనక్కర్లేదు.

ఈ పిల్లల్లో కిడ్నీ, గుండె, వెన్నెముక లోపాలు కూడా ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇదివరకు చేయించకపోతే పొట్ట స్కాన్, గుండె ఎకో, నడుం ఎక్స్‌రే చేయించండి. నడుం కింద ఎముక ఎంత ఎదిగిందో చూస్తే పెద్దయ్యాక ఎంతవరకు ఆపుకోగలడో కొంత అంచనా వస్తుంది. వెళ్ళేటప్పుడు మూడు ఆపరేషన్ల డిశ్చార్జి కాగితాలూ పట్టుకెళ్ళండి, వాడిది పేగు పైనే ఆగిపోయిన పైరకమా, కింద దాకా వచ్చి ఆగిన కిందిరకమా అన్నది వాటిలోనే ఉంటుంది.