సముద్రం దగ్గర మేడ మీద స్పీకర్లా? వాన కంటే ముందు ఉప్పుగాలి సంగతి చూడండి

చెన్నై తిరువాన్మియూర్‌లో బీచ్‌కి దగ్గర్లో ఇల్లు, మేడ మీద పందిరి వేసుకున్నాం, ఐపీ 65 అని ఉన్న స్పీకర్లు కొంటే సరిపోతుందా అని ఒకరు అడిగారు. నేను ఉండేది బెసంట్ నగర్‌లో. మా మేడ మీద స్పీకర్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. ఐపీ 65 ఉండాల్సిందే, కానీ అదొక్కటే చూసి మాత్రం కొనకండి.

ఐపీ అంటే దుమ్మునీ నీళ్లనీ ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగ్. అందులో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 5 అంటే పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుందని. ఉప్పుగాలి ఊసే అందులో లేదు. మన దగ్గర స్పీకర్లను తినేసేది అదే. మా పక్కింట్లో స్పీకర్ ఇప్పటికీ బాగానే పలుకుతుంది. కానీ ముందున్న జాలీ తుప్పు పట్టి, తెల్లగోడ మీద ఎర్రటి చారలు కిందిదాకా దిగాయి. స్క్రూల తలలు వేలితో గీకితే పొడిగా రాలుతున్నాయి.

అందుకే షాపులో వాట్స్ అడిగే ముందు జాలీ ఊడదీయించి మాగ్నెట్ పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుమే, వద్దు. అల్యూమినియం జాలీ కావాలి. లోపలి కోన్ (శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది, దాని చుట్టూ అంచు రబ్బరుది అయితే మంచిది. కాగితం కోన్, ఫోమ్ అంచు మన ఎండకీ తేమకీ ఆగవు. స్క్రూలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడిగి తీసుకోండి. 304 కూడా స్టెయిన్‌లెస్సే, కానీ సముద్రం పక్కన దానికీ మచ్చలు పడతాయి.

ఇక ఎక్కడ పెట్టాలి? అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి జల్లు ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచే కొడుతుంది. తూర్పు గోడకి సన్‌షేడ్ కింద, ముఖం పడమరకి ఉండేలా, కొంచెం కిందికి వంచి బిగించండి. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకని మూలన ఒక పెద్ద స్పీకర్ పెట్టి గట్టిగా మోగించే కంటే, కూర్చునే చోటికి దగ్గరగా రెండు చిన్నవి పెట్టి నెమ్మదిగా వినడమే హాయి. ఇళ్లున్న ప్రాంతాల్లో రూల్ ప్రకారం పగలు 55, రాత్రి 10 దాటాక 45 డెసిబెల్సే. పక్కవాళ్లతో గొడవ ఎందుకు చెప్పండి.

వైరు దగ్గర మాత్రం అస్సలు రాజీ పడకండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు చవగ్గా అమ్ముతారు. కొస బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. పూర్తి రాగిదే తీసుకోండి. మామూలు మేడకి 16 గేజ్ చాలు, దూరం ఎక్కువైతే ఇంకాస్త లావుండే 14 గేజ్. గోడలోకి దూరే ముందు వైరు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు కారే నీళ్లు ఆ వంపు దగ్గరే పడిపోతాయి. ఆరుబయట జాయింట్లు వేయనివ్వకండి. ఆంప్లిఫయర్ మెట్ల గదిలోనో ఇంట్లోనో ఉండాలి. ఒకే ఛానెల్‌కి రెండు 8 ఓమ్స్ (కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే కొలత) స్పీకర్లు ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్ అవుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని తట్టుకుంటుందో లేదో వెనక రాసి ఉంటుంది, చూసుకోండి.

అప్పుడప్పుడూ మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో జాలీ, బ్రాకెట్లు తుడవండి, పేరుకున్న ఉప్పు పోతుంది. తుపాను హెచ్చరిక వస్తే స్పీకర్లు ఊడదీసి లోపల పెట్టేయాలి కాబట్టి, చేత్తో తీసి పెట్టగలిగే బ్రాకెట్లే కొనండి.