స్లీవ్ నుంచి బైపాస్‌కి మారాలంటే బీమా డబ్బు రాదా?

ప్రశ్న: మాది ఖమ్మం. నా వయసు 41. 2021లో హైదరాబాద్‌లో స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసే ఆపరేషన్) చేయించుకున్నాను. అప్పుడు 108 కిలోలు, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 43. బీమా కంపెనీయే క్యాష్‌లెస్‌లో డబ్బు కట్టింది. పాలసీ 2017 నుంచి ఆపకుండా కడుతున్నాం. ఇప్పుడు 78 కిలోలు, బీఎంఐ 31. బరువుతో బాధ లేదు కానీ రెండేళ్లుగా గుండెల్లో మంట, పుల్లటి నీళ్లు గొంతులోకి రావడం, రాత్రి మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాను. ఎండోస్కోపీలో అన్నవాహికలో పుండ్లు పడ్డాయన్నారు. స్లీవ్‌ని బైపాస్‌గా (పొట్ట పైభాగాన్ని నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) మార్చాలని వేరే సర్జన్ చెప్పారు. క్యాష్‌లెస్ అడిగితే ‘ఇది బరువు తగ్గే ఆపరేషన్, బీఎంఐ 40 లేదు’ అని తిప్పి పంపారు. మొదట చేసిన ఆసుపత్రి వాళ్లు పూర్తి ప్యాకేజీ మళ్లీ కట్టమంటున్నారు. నిజానికి ఆపరేషన్‌కి ముందు కూడా నేను రోజూ ఎసిడిటీ మాత్ర వేసుకునేదాన్ని. వాళ్ల మీద కేసు వేయొచ్చా? కొత్త ఆసుపత్రి ఇచ్చిన సంతకాల కాగితంలో ‘అవసరమైన ఏ ఆపరేషన్ అయినా’ అని ఉంది, భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. చాలామంది ఆ ఒక్క మెసేజ్ చూసి ఆశ వదిలేసుకుని, బంగారం తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించుకుని, బిల్లులు ఎక్కడో పడేసి, ఏడాది తర్వాత లాయర్‌నైన నా దగ్గరికి వస్తారు. మీరు ఆపరేషన్‌కి ముందే రాశారు, అది మంచిదైంది.

బీమా కంపెనీ మీకు చూపించిన షరతు ఎక్కడిదో చెబుతాను. 2019 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని ఆరోగ్య బీమా పాలసీల్లో మినహాయింపులు (బీమా డబ్బు రాని సందర్భాలు) ఒకే మాటల్లో ఉండాలని నిర్ణయించింది. అందులో ఆరో నంబరు మినహాయింపు స్థూలకాయానిది. స్థూలకాయానికి చేసే సర్జరీ చికిత్సకు డబ్బు రావాలంటే డాక్టర్ సలహా ఉండాలి, వైద్య ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే దానికి తోడు స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 షుగర్, వీటిలో ఏదో ఒకటి ఉండి, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గక విఫలమై ఉండాలి. మీకు 2021లో 43 ఉంది కాబట్టి అప్పుడు డబ్బు వచ్చింది. ఇప్పుడు 31 చూసి కాదన్నారు.

కానీ ఆ మినహాయింపు మొదటి మాట మళ్లీ చదవండి. ‘స్థూలకాయానికి చేసే సర్జరీ చికిత్స’ అని ఉంది. మీకు ఇప్పుడు చేయబోయేది స్థూలకాయానికా? మీరు బరువు తగ్గాలని అడగలేదు, పుండ్లు పడిన అన్నవాహిక మానాలని అడుగుతున్నారు. చేసే ఆపరేషన్ పేరు బేరియాట్రిక్ (బరువు తగ్గించే సర్జరీ) పుస్తకాల్లో ఉన్నదే అయినా, చేస్తున్న కారణం యాసిడ్ పైకి ఎగదన్నే జబ్బు, అంటే రిఫ్లక్స్. మినహాయింపు షరతుల్ని సాగదీసి చదవకూడదనీ, అది వర్తిస్తుందని రుజువు చేయాల్సిన బాధ్యత బీమా కంపెనీదేననీ సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. మీ కేసు మొత్తం ఈ పాయింటు మీదే నిలబడుతుంది.

మరి కంపెనీకి ఈ సంగతి ఎందుకు తెలియలేదంటే, ఆసుపత్రి పంపిన ప్రీ ఆథరైజేషన్ (క్యాష్‌లెస్‌కి ముందస్తు అనుమతి) ఫారంలో జబ్బు పేరు దగ్గర ఏం రాశారో ఒకసారి అడిగి తెచ్చుకుని చూడండి. ఇలాంటి ఫారాలు నేను చూసినవాటిలో తరచుగా ఒకే ముక్క ఉంటుంది: ‘రివిజన్ బేరియాట్రిక్ సర్జరీ’. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి ప్యాకేజీ పేరు చూసి రాసేస్తాడు. అవతల టీపీఏలో (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) చదివే మనిషి ‘బేరియాట్రిక్’ చూసి బీఎంఐ గడికి వెళ్తాడు, అక్కడ 31 కనబడుతుంది, తిరస్కరిస్తాడు. మీ ఎండోస్కోపీ రిపోర్టు ఎనిమిదో పేజీలో ఉంటుంది, అంతదాకా ఎవరూ వెళ్లరు.

కాబట్టి సర్జన్ గారి చేత విడిగా ఒక ఉత్తరం రాయించండి, లెటర్‌హెడ్ మీద, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో. మందులు ఏ మోతాదులో ఎన్ని నెలలుగా వాడుతున్నారు, ఎండోస్కోపీ ఏ తేదీన చేశారు, పుండ్లు ఏ గ్రేడు, హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం) ఉందా, 24 గంటల పీహెచ్ పరీక్ష (అన్నవాహికలోకి యాసిడ్ ఎంత వస్తోందో కొలిచేది) చేసి ఉంటే దాని ఫలితం, ఇవన్నీ అందులో రావాలి. ఇంకొకటి తప్పకుండా రాయమనండి: వేరే ఆపరేషన్ కాకుండా బైపాసే ఎందుకు అని. రిఫ్లక్స్‌కి మామూలుగా పొట్ట పైభాగాన్ని అన్నవాహిక కింది కొన చుట్టూ చుట్టి కుట్టే ఆపరేషన్ చేస్తారు. స్లీవ్‌లో పొట్టలో దాదాపు ముప్పావు భాగం కోసి తీసేస్తారు, ఆ పైభాగం అందులోనే పోతుంది. మీ పొట్టలో ఇక చుట్టడానికి అది లేదు. ఈ ఒక్క పేరా సర్జన్ రాస్తే, బైపాస్ మీ బరువు కోసం కాదు, మీ రిఫ్లక్స్‌కి మిగిలిన దారి అని చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. ఆ ఉత్తరంతో క్యాష్‌లెస్ మళ్లీ అడగండి. మళ్లీ అడగకూడదని ఎక్కడా లేదు.

ఇక్కడ ఇంకొందరు పాఠకులకు కూడా చెప్పాలి. బరువు మళ్లీ పెరిగిందని స్లీవ్ నుంచి బైపాస్‌కి మారాలనుకునేవాళ్లు ఈ దారిలో రాలేరు. అది స్థూలకాయానికి చేసే చికిత్సే, బీఎంఐ లెక్క అక్కడ అడ్డు వస్తుంది. డాక్టర్ల అంతర్జాతీయ సంఘాలు 2022లో సూచనలు మార్చి బీఎంఐ 35 ఉంటే చాలనీ, ఆసియా వాళ్లకు ఇంకా తక్కువకే ఆలోచించవచ్చనీ చెప్పాయి. ఆ సూచనల ప్రకారం అలాంటివాళ్లు ఆపరేషన్‌కి అర్హులే కావచ్చు, కానీ 2019 షరతులున్న పాలసీ ప్రకారం డబ్బుకి అర్హులు కాకపోవచ్చు. రెండూ వేరు. అందుకని లేని రిఫ్లక్స్ రాయమని డాక్టర్‌ని మాత్రం అడగకండి. పాత ఎండోస్కోపీ ఒక్కటి బయటపడితే క్లెయిమ్ పోవడమే కాదు, మోసం కింద పాలసీయే రద్దు కావచ్చు. మీ విషయంలో రాయమంటున్నది ఉన్న నిజమే.

మళ్లీ కాదంటే? ఆరోగ్యం ముఖ్యం, ఆపరేషన్ ఆపుకోవద్దు. డబ్బు సర్దుకుని చేయించుకుని రీయింబర్స్‌మెంట్‌కి పెట్టండి, ఎన్ని రోజుల్లో పెట్టాలో పాలసీలో ఉంటుంది, అది దాటనివ్వకండి. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తిరస్కరించాలంటే కంపెనీలోని రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలి, ఏ షరతు కింద కాదంటున్నారో స్పష్టంగా రాసి ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పిన మాటని ఒప్పుకోకండి, కాగితం అడగండి. పాత జబ్బు దాచారనే మాట మీ దగ్గర చెల్లదు, 60 నెలలు ఆగకుండా కట్టిన పాలసీని మోసం రుజువు చేస్తే తప్ప ఆ కారణంతో ప్రశ్నించలేరు. మీది 2017 నుంచి ఉంది. కాకపోతే పాలసీలో బేరియాట్రిక్‌కి విడిగా పరిమితి గానీ, రివిజన్ ఆపరేషన్లు రావని స్పష్టమైన వాక్యం గానీ ఉందేమో చూడండి. ఉంటే నాకు ఆ పేజీ పంపండి, అప్పుడు జవాబు కొంచెం మారుతుంది.

తిరస్కరణ కాగితం వచ్చాక ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కి (బీమా వివాదాలు తేల్చే అధికారి) వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ కార్యాలయం హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, మాలాంటి లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించగలరు, ఆ తీర్పుకి కంపెనీ కట్టుబడాలి. మీ వివాదానికి నేనైతే ఇదే మొదటి దారి అంటాను. వినియోగదారుల కమిషన్‌లో ముందే కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు, అందుకే వరస తప్పకండి.

ఇప్పుడు మొదటి ఆసుపత్రి సంగతి. స్లీవ్ తర్వాత రిఫ్లక్స్ రావడం అందరికీ తెలిసిన ఇబ్బంది. అది వచ్చినంత మాత్రాన డాక్టర్ తప్పు చేసినట్టు కాదు, ఉచితంగా మళ్లీ చేయాలని చెప్పే చట్టం కూడా లేదు. అయితే మీ ఉత్తరంలో చివర్లో మామూలుగా రాసిన వాక్యం నన్ను ఆపింది: ముందు నుంచే రోజూ మాత్ర వేసుకునేదాన్ని అని. ముందే రిఫ్లక్స్ ఉన్న మనిషికి స్లీవ్ చేస్తే అది ముదిరే అవకాశం ఉందని సర్జన్లకు తెలుసు. అందుకే అలాంటి వాళ్లకు బైపాస్ వైపు మొగ్గుతారు. కాబట్టి అడగాల్సినవి ఇవి. 2021లో ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ చేశారా? చేస్తే అందులో ఏముంది? కేస్ షీటులో మీరు వేసుకునే మాత్ర పేరు రాసుకున్నారా? రిఫ్లక్స్ పెరగొచ్చు, మీకు బైపాస్ కూడా ఒక దారి అని ఎవరైనా చెప్పారా? జవాబులు ‘లేదు’ అయితే కేసుకి బలం ఉంది, ‘అవును’ అయితే లేదు. మధ్యలో ఉంటే మరో సర్జన్ నిపుణుడిగా అభిప్రాయం ఇవ్వాల్సి వస్తుంది.

దానికి ఫైలు కావాలి. 2002 నాటి వైద్య నియమాల ప్రకారం పేషెంట్ అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి, కానీ డాక్టర్ వాటిని భద్రపరచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లే. మీకది దాటిపోయింది. ‘మా దగ్గర లేవు’ అంటారేమో. అన్నా నిరాశ పడకండి. 2021లో డబ్బు కట్టింది బీమా కంపెనీ, అప్పటి ఆసుపత్రి కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ వాళ్ల క్లెయిమ్ ఫైల్లో ఉండాలి. ఆ క్లెయిమ్ నంబరు వేసి ఈమెయిల్‌లో కాపీలు అడగండి. రెండు చోట్లా ఈ వారంలోనే అడగండి.

తొందర ఎందుకంటే కాలపరిమితి. వినియోగదారుల చట్టంలో రెండేళ్లే. తప్పు బయటపడిన రోజు నుంచి లెక్కపెట్టమని అడగొచ్చు, కానీ కోర్టు మీరు ఏం చేశారో కూడా చూస్తుంది. 1993లో పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒకామె కడుపులో రక్తం అద్దే పలుచని గుడ్డ (గాజ్) మిగిలిపోయింది. అది 2002లో బయటపడింది. తొమ్మిదేళ్లు నొప్పి ఉన్నా ఎందుకు చూపించుకోలేదని అడిగి, స్వయంగా నర్సు అయిన ఆమె కేసుని గడువు దాటిందని 2010లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీ మంట మొదలై రెండేళ్లయింది. ఎండోస్కోపీలో పుండ్లు కనబడిన తేదీ ఏమిటో చూడండి, ఆ తేదీ మన వాదనకి ముఖ్యం. కేసు వేయాల్సి వస్తే హైదరాబాద్ రానక్కర్లేదు, మీరుండే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ఆసుపత్రికి కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. పోలీసు కేసు మాత్రం వద్దు. డాక్టర్ల మీద క్రిమినల్ కేసుకి మామూలు నిర్లక్ష్యం చాలదని, ఘోరమైన నిర్లక్ష్యం కనబడాలని 2005లో సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది, మీ దగ్గర ఉన్నవాటితో అది నిలవదు.

మొదటి ఆసుపత్రి కౌన్సెలర్ ఎవరైనా మీకు అప్పట్లో వాట్సాప్‌లో ఏమైనా పంపి ఉంటే, ‘జీవితాంతం మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు’ లాంటి మాటలుంటే, చెరిపేయకండి, ఆ ఫోను కూడా మార్చకండి.

చివరిగా సంతకాల కాగితం. మీ భయం సరైనదే. 2008లో సమీరా కోహ్లీ కేసులో పరీక్ష కోసం చేసే లాపరోస్కోపీకి (చిన్న రంధ్రంలోంచి కెమెరాతో కడుపు లోపల చూడడం) మాత్రమే ఒప్పుకున్న మహిళకి, మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఒక ఆపరేషన్‌కి ఇచ్చిన ఒప్పుదల మరోదానికి పనికిరాదని, ప్రాణాపాయం ఉంటే తప్ప పేషెంట్ మెలకువ వచ్చేదాకా ఆగాలని, మేజరై స్పృహలో ఉండే మనిషికి బదులు బంధువు ఒప్పుకుంటే చెల్లదని సుప్రీంకోర్టు అన్నది. డాక్టర్ ఫీజు పోయింది, పైన 25 వేలు కట్టమన్నారు. కాబట్టి మీ వారి చేత కాదు, మీరే సంతకం పెట్టండి. ‘ఏ ఆపరేషన్ అయినా’ అన్న వాక్యం కొట్టేసి, పక్కన ఆపరేషన్ పూర్తి పేరు రాయమనండి. ‘బైపాస్’ అంటే చాలదు. రూ ఎన్ వై బైపాసా (పేగుని వై ఆకారంలో రెండు చోట్ల కలిపేది), మినీ బైపాసా (ఒకే చోట కలిపేది) అని అడగండి, ఎందుకంటే మినీ బైపాస్‌లో పిత్తరసం పైకి ఎగదన్నే అవకాశం ఉంది, రిఫ్లక్స్‌తో వచ్చిన మీలాంటి వాళ్లకు సర్జన్లు ఎక్కువగా మొదటిదే ఎంచుకుంటారు. లోపల అతుకులు ఎక్కువై అనుకున్నది చేయలేకపోతే ఏం చేస్తారో, ఆపేస్తారో, మూసి బయటికి వస్తారో, అదీ రాయమనండి. కాగితం తెలుగులో అడగండి, ఒక కాపీ ఇంటికి తెచ్చుకోండి, ఆపరేషన్ ముందు రాత్రి హడావిడిగా కాకుండా రెండు రోజుల ముందే చదవండి.

ముందు ఆ రెండు ఈమెయిళ్లు పంపండి. 2021 ఫైల్లో ఎండోస్కోపీ రిపోర్టు దొరికితే, దాని తేదీ, అందులో డాక్టర్ రాసిన రెండు మూడు వాక్యాలు నాకు పంపండి, కేసు వేయాలో వద్దో అప్పుడు చెబుతాను.