బీ12 కోసం అమ్మకు క్లోరెల్లా ఇవ్వొచ్చా?

"విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. అమ్మ శాకాహారి, రక్తపరీక్షలో విటమిన్ బీ12 తక్కువ వచ్చింది. క్లోరెల్లా సరిపోతుందా? బీచ్ రాళ్ల మీది పచ్చనాచు ఎండబెట్టి పొడి కొట్టుకుంటే చౌక కదా?" అని అడిగారు.

క్లోరెల్లా అంటే పొడిగానో మాత్రలుగానో అమ్మే, కంటికి కనిపించనంత చిన్న పచ్చనాచు. బీ12కి అది సరిపోదు. డాక్టరు రాసిన మాత్రో, ఇంజెక్షనో ఆపకండి. క్లోరెల్లాలో ఒంటికి పనికొచ్చే బీ12 ఉండొచ్చు గానీ, అది నాచు సొంతంగా తయారుచేసుకునేది కాదు, పెంచే నీళ్లలోని బ్యాక్టీరియా ఇచ్చేది. అందుకే ఒక కంపెనీ సరుకులో ఉన్నంత మరోదాంట్లో ఉండదు. ఇలాగే పొడిగా అమ్మే స్పిరులినా అసలు పచ్చనాచే కాదు, అదొక బ్యాక్టీరియా. దాన్లోని బీ12 చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం. అయినా డబ్బా మీద పెద్దక్షరాలతో బీ12 అని వేసి శాకాహారులకే అమ్ముతున్నారు, ఇది అన్యాయం.

ప్రోటీను కోసమూ వద్దు. 3 గ్రాముల పొడిలో ఒకటిన్నర గ్రాముకు కాస్త ఎక్కువ ఉంటుందంతే. 30 గ్రాముల వేరుశనగపప్పులో 7 గ్రాముల దాకా దొరుకుతుంది.

అయినా వాడతానంటే, కణకవచం పగలగొట్టినదని రాసి ఉన్నదే కొనండి. ఆ గోడ గట్టిది, పగలకపోతే చాలావరకు అరక్కుండానే పోతుంది. సీసం, ఆర్సెనిక్ పరీక్ష రిపోర్టు బ్యాచ్ నంబరుతో సహా అడగండి. ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు. తయారీలో అజాగ్రత్త చేస్తే పత్రహరితం విరిగి ఫియోఫోర్బైడ్ అనే పదార్థం పోగవుతుంది. అది ఒంట్లో చేరాక ఎండలోకి వెళ్తే ముఖం, చేతులు ఎర్రబడి వాస్తాయి. 1977లో జపాన్‌లో క్లోరెల్లా మాత్రలు తిన్నవాళ్లకు జరిగింది ఇదే, ఆ తర్వాతే అక్కడ దానికి పరిమితి పెట్టారు. మన మే నెల ఎండలో ఇది చిన్న విషయం కాదు.

మొదటి వారం రోజుకు అర గ్రాము, అన్నం తిన్నాక. కడుపు ఉబ్బరం, విరేచనం లేకపోతే మెల్లగా రెండు, మూడు గ్రాములకు పెంచండి. మలం పచ్చగా వస్తే కంగారుపడకండి. పొడిని గ్లాసు నీళ్లలో ఒకేసారి పోస్తే ఉండలు కట్టి పైన తేలుతుంది. ముందు రెండు చెంచాల నీళ్లతో ముద్ద చేసి, తర్వాత చల్లటి మజ్జిగలో కలపండి. వేడి చింతపండు చారులో వెయ్యొద్దు. వేడికీ పులుపుకీ పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి, రంగు బురదలా మారుతుంది, వాసనా పెరుగుతుంది.

మన సముద్రపు గాలికి మూత తీసిన పొడి చెమ్మ పట్టి గడ్డకడుతుంది. 100 గ్రాములకు మించి కొనకండి. తడి చెంచా పెట్టకండి. నీచు వాసన ఎక్కువైతే పారేయండి.

అమ్మగారు రక్తం పలచబడే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ లాంటివి వాడుతుంటే డాక్టరుకు చెప్పకుండా మొదలెట్టొద్దు. క్లోరెల్లాలోని విటమిన్ కె ఆ మందు పని తగ్గించేస్తుంది. ల్యూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడిచేసేవి) ఉన్నా అడిగే తీరాలి.

బీచ్ నాచు మాత్రం ముట్టుకోకండి. ఆర్కే బీచ్, టెన్నేటి పార్కు రాళ్ల మీద పల్చటి ఆకుల్లా ఉండేది అల్వా అనే వేరే జాతి నాచు, క్లోరెల్లా కాదు. మురుగునీరు కలిసేచోట అది మరీ ఏపుగా పెరుగుతుంది. నీళ్లలోని లోహాలను లోపలికే పీల్చుకుంటుంది గనక ఎన్నిసార్లు కడిగినా పోవు, ఎండబెడితే ఇంకా చిక్కబడతాయి.