వెనిగర్ తగిలితే విరిగే సబ్బు

ప్రశ్న: నూనెలతో చేసిన సహజ ద్రవ సబ్బు తెచ్చుకున్నాను. ఇంటికీ, ఒంటికీ, తలకూ ఇదొక్కటే చాలని సీసా మీద ఉంది. నేల తుడవడానికి వెనిగర్ కలిపితే పాలు విరిగినట్టు తరకలు కట్టింది. తలకు రుద్దుకుంటే జుట్టు మైనం పూసినట్టయింది. ఇది కల్తీ సరుకా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. అసలైన సబ్బుకు ఉండే గుణమే అది. పదిహేనేళ్లుగా ఇంట్లో సబ్బు కాచుకుంటున్నాను. నా సబ్బూ అలాగే విరుగుతుంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు క్షారంతో కలిస్తేనే సబ్బవుతుంది. బిళ్ల సబ్బుకు సోడియం హైడ్రాక్సైడ్, ద్రవ సబ్బుకు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడతాం. వెనిగరో నిమ్మరసమో పడగానే ఆ కలయిక చెదిరి, కొవ్వు ఆమ్లాలు తెల్లగా పైకి తేలతాయి. వాటితో తుడిస్తే నేల శుభ్రపడకపోగా జిడ్డవుతుంది. పది లీటర్ల బకెట్‌కు పావు కప్పు సబ్బు వేసి తుడవండి, తర్వాత మామూలు నీళ్లతో మరోసారి. స్నానాల గది పలకలకు వంటసోడా చల్లి పైన ఈ సబ్బుతో రుద్దండి. సోడా కూడా క్షారమే కాబట్టి విరగదు.

జుట్టు విషయంలో ముందు మీ నీళ్లను అనుమానించాలి. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీటిలో సబ్బు కరగని మడ్డిగా మారి వెంట్రుకలకు పట్టుకుంటుంది. గాజు సీసాలో సగం నీళ్లు పోసి, పది చుక్కల సబ్బు వేసి బాగా కుదపండి. నురుగు నిలిచి, కింద నీరు తేటగా ఉంటే భయం లేదు. నురుగు రాక నీరు తెల్లగా మబ్బేస్తే తలకు వాడకండి. నీళ్లు మంచివైనా ఒక కప్పు నీటికి ఒక చెంచా మించవద్దు. సబ్బు పూర్తిగా కడిగేశాక, పెద్ద మగ్గు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి పోసుకోండి. అప్పుడు మాత్రం వెనిగర్ మేలే చేస్తుంది. జుట్టుకు రంగు వేసుకునేవారు తలకు ఈ సబ్బు మానడమే మంచిది. చర్మం పీహెచ్ (క్షార గుణం ఎక్కువైనకొద్దీ పెరిగే కొలత) 5 దగ్గర ఉంటే ఈ సబ్బుది 9, 10 మధ్య ఉంటుంది. అందుకే ముఖానికి రెండు మూడు చుక్కలు దాటనివ్వను. పట్టు, ఉన్ని బట్టలకు అసలు తగలనివ్వను. "అన్నిటికీ ఒకటే" అని సీసాల మీద రాయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మంచి వస్తువుకు చెడ్డపేరు వచ్చేది అలాంటి మాటల వల్లే.

చేతులు కడుక్కోవడానికి నురుగు పంపు సీసాలో ఒక వంతు సబ్బుకు నాలుగు వంతుల నీళ్లు సరిపోతాయి. కాచి చల్లార్చిన నీళ్లే పోయండి, వారానికి సరిపడా మాత్రమే కలపండి. పలచన చేసిన సబ్బు చెడిపోతుంది.

ప్రశ్న: కుండీల్లోని మొక్కలకు పేనుబంక పట్టింది. ఈ సబ్బు చల్లవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: చల్లవచ్చు. లీటరు నీటికి రెండు చిన్న చెంచాలు, అంటే పది మిల్లీలీటర్లు. ముందు ఒక్క ఆకు మీద చల్లి రెండు రోజులు చూడండి. నూగు ఆకులు, ఫెర్న్‌లు తట్టుకోలేకపోవచ్చు. పురుగు ఒళ్లు తడిస్తేనే చస్తుంది, కాబట్టి ఆకుల అడుగున కూడా పడాలి. ఎండ తగ్గాకే చల్లండి. ఆరిపోయాక మందు పనిచేయదు కనుక వారం తర్వాత మళ్లీ ఆకులు తిప్పి చూడండి.