దారమా, నీటిధారా?

ప్రశ్న: నా వయసు 52 సంవత్సరాలు. రోజూ రెండుసార్లు బ్రష్ చేసుకుంటున్నా పళ్ల సందుల్లో పాచి పేరుకుంటోందని, చిగుళ్లు కాస్త వాచాయని చెప్పి దంతవైద్యులు ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) వాడమన్నారు. వాడడం మొదలుపెట్టినప్పటి నుంచి చిగుళ్లలో రక్తం కనిపిస్తోంది. కింది దవడలో కుడివైపు మూడు పళ్ల బ్రిడ్జి (పోయిన పంటి స్థానంలో పక్క పళ్ల ఆధారంతో బిగించిన కట్టుడు పళ్ల వరుస) ఉంది, అక్కడ దారం దూరడం లేదు. నీటిధారతో శుభ్రం చేసే వాటర్ ఫ్లాసర్ కొనుక్కుంటే దారం మానేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: బ్రిడ్జి దగ్గర నీటిధార మీకు బాగా ఉపయోగపడుతుంది. మిగిలిన పళ్ల దగ్గర మాత్రం దారాన్ని మానవద్దనే చెబుతాను.

పాచి అంటే పంటికి అంటుకున్న ఆహారపు తునక కాదు. సూక్ష్మజీవులు జిగురు పదార్థంతో తమను తాము పంటికి అతికించుకుని కట్టుకునే పొర. పుక్కిలిస్తే అది పోదు, రుద్దితేనే పోతుంది. దారం చేసేది ఆ రాపిడి పనే. నీటిధార ఆగి ఆగి వేగంగా కొట్టుకుంటూ ఇరుక్కున్న తునకలను, వదులుగా ఉన్న పాచిని కడిగేస్తుంది, చిగురు అంచు కిందికీ కొంత వెళుతుంది. అయితే రెండు పళ్లు గట్టిగా ఆనుకుని ఉన్న చోట నీటికి దారి దొరకదు. బ్రష్‌తో పాటు వాడే సాధనాలపై వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో ప్రచురించిన సమీక్షలో, నీటిధార వాడినవారికి నెల రోజుల దగ్గర చిగుళ్ల వాపు కొంత తగ్గినట్టు కనిపించినా పాచి తగ్గినట్టు తేలలేదు. ఫ్లాస్‌కు అనుకూలంగా దొరికిన ఆధారాలు కూడా అంత బలమైనవేమీ కావని అదే సమీక్ష చెప్పింది కాబట్టి, దారాన్ని సర్వరోగ నివారిణిగా చూడనవసరం లేదు. సందులు కాస్త వెడల్పుగా ఉన్నవారికి ఆ రెండింటికన్నా సందుల్లో దూర్చే చిన్న బ్రష్‌లే మేలని నా అభిప్రాయం.

రక్తం గురించి కంగారు పడకండి. వాచిన చిగురును తాకితే రక్తం వస్తుంది. రోజూ శుభ్రం చేస్తూ పోతే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే, లేదా మీరు రక్తం పలచబడే మందులు వాడుతుంటే వైద్యులకు చెప్పండి. ఒకవేళ దారాన్ని రంపంలా లాగుతూ చిగురును కోస్తున్నారేమో కూడా చూసుకోండి. సుమారు 45 సెంటీమీటర్ల దారాన్ని రెండు చేతుల మధ్యవేళ్లకు చుట్టుకుని, సందులోకి మెల్లగా దించి, ఒక పంటిని చుట్టేలా వంచి, చిగురు అంచు నుంచి పైకి కిందికి తుడవాలి. తరువాత పక్క పంటికి కూడా అలాగే చేయాలి.

బ్రిడ్జిలో పళ్లు ఒకదానికొకటి అతికి ఉంటాయి కనుక మామూలు దారం పైనుంచి దిగదు. కొస గట్టిగా ఉండే ప్రత్యేక ఫ్లాస్‌ను పక్కనుంచి దూర్చాలి. అది రోజూ కుదరనివారికి నీటిధార మంచి సాయం. గోరువెచ్చని నీళ్లు పోసి, తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, ధారను చిగురు అంచు వెంబడి నెమ్మదిగా జరపండి. అయితే గట్టిపడిపోయిన గార ఈ రెండింటిలో దేనికీ లొంగదు, దానికి దంతవైద్యుల దగ్గర స్కేలింగ్ (గారను గీకి తొలగించడం) చేయించుకోవలసిందే. ఇంత శుభ్రం చేసినా బ్రిడ్జి వైపు నుంచి దుర్వాసనో చెడు రుచో వస్తూనే ఉంటే, దాని కింద ఆధారంగా ఉన్న పన్ను పుచ్చిందేమో వెంటనే చూపించుకోండి.