బ్రీడర్ రియాక్టర్ కోర్ లెక్కల్లోకి వెళ్లాలంటే?

ప్రశ్న: ఎంఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. పైథాన్ బాగా వచ్చు. ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ల (ఖర్చు చేసేదానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టించేవి) కోర్, అంటే ఇంధనం ఉండే నడిమి భాగం, ఫిజిక్స్ మోడలింగ్ చేయాలని ఉంది. న్యూక్లియర్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ తప్పనిసరా? ఇప్పటి నుంచి ఏం నేర్చుకోవాలి?

జవాబు: తప్పనిసరి కాదు. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ఏడాది కోర్సుకు ఎంఎస్సీ ఫిజిక్స్ వాళ్లనూ తీసుకుంటారు. దేశంలో ఫాస్ట్ రియాక్టర్ పరిశోధనకు కేంద్రం కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ కింద అక్కడ పీహెచ్‌డీ చేసే దారీ ఉంది. నోటిఫికేషన్లు ఎలాగూ మీ కంట పడతాయి. ఈలోపు చేతికి పని నేర్పడం ముఖ్యం.

మామూలు రియాక్టర్లో నీరు న్యూట్రాన్ల వేగం తగ్గిస్తుంది. ఫాస్ట్ బ్రీడర్‌లో వేడిని మోసుకెళ్లేది సోడియం, అది వేగాన్ని పెద్దగా తగ్గించదు. న్యూట్రాన్లు ఎక్కువగా కొన్ని కేఈవీల (వేల ఎలక్ట్రాన్ వోల్టులు) నుంచి కొన్ని ఎంఈవీల (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి మధ్యే తిరుగుతాయి. అందుకే పాఠ్యపుస్తకంలోని రెండు గ్రూపుల డిఫ్యూజన్ లెక్క (న్యూట్రాన్లను శక్తిని బట్టి రెండే గుంపులుగా చూసేది) ఇక్కడ చాలదు. శక్తి పరిధిని పదుల గ్రూపులుగా విడగొడతారు. 33 గ్రూపుల పద్ధతి బాగా వాడుకలో ఉంది. ఇంకో తేడా, ఆలస్యంగా పుట్టే న్యూట్రాన్ల వాటా. యురేనియం-235కు అది సుమారు 0.65 శాతం, ప్లుటోనియం-239కు 0.2 శాతం దగ్గర. రియాక్టర్‌ను అదుపులో ఉంచనిచ్చేవి ఈ న్యూట్రాన్లే కాబట్టి, మీ లెక్కలో తప్పుకు ఉండే వెసులుబాటు కూడా అంత తక్కువే.

మొదలు ఓపెన్ఎంసీతో పెట్టుకోండి. ఇది ఒక్కో న్యూట్రాన్ ప్రయాణాన్ని యాదృచ్ఛికంగా అనుకరించే మోంటీకార్లో కోడ్. ఉచితం, పైథాన్‌తో నడుస్తుంది. వెంటనే పూర్తి కోర్ గీయకండి. ముందు గోడివా: 8.74 సెంటీమీటర్ల వ్యాసార్ధం, ఘనసెంటీమీటరుకు 18.74 గ్రాముల సాంద్రత ఉన్న యురేనియం-235 వాటా బాగా పెంచిన (ఎన్‌రిచ్డ్) యురేనియం గోళం, కోడ్‌లను సరిచూసే ప్రామాణిక పరీక్ష. కె విలువ (ఒక తరం న్యూట్రాన్లకు తర్వాతి తరం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1కి అతి దగ్గరగా రావాలి. తర్వాత ప్లుటోనియం గోళం జెజెబెల్. ఈ రెండూ సరిగ్గా రాకుండా ముందుకు వెళితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ దొరకదు.

ఆ పైన షడ్భుజి సబ్‌అసెంబ్లీ, అంటే పిన్నులనే సన్నని ఇంధన కడ్డీల కట్ట. కల్పాక్కం ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో ఒక్కో ఇంధన సబ్‌అసెంబ్లీకి 217 పిన్నులు: మధ్యలో ఒకటి, చుట్టూ ఎనిమిది వరుసలు. కోర్‌లో అలాంటివి 181. ఇంధనం రెండు జోన్లలో, సుమారు 21, 28 శాతం ప్లుటోనియం ఆక్సైడ్‌తో ఉంటుంది. ఈ శాతం ఆక్సైడ్ బరువుది. పరమాణువుల శాతంగా ఇన్‌పుట్‌లో వేస్తే కె పక్కకు పోతుంది. ప్లుటోనియం ఎప్పటిదో కూడా అడగాలి. ప్లుటోనియం-241 అర్ధాయుష్షు 14 ఏళ్ల పైచిలుకు. నిల్వ ఉన్నకొద్దీ అది న్యూట్రాన్లను మింగే అమెరిషియం-241గా మారిపోతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది కొలతల దగ్గర. డ్రాయింగుల్లో ఉండేవి గది ఉష్ణోగ్రత కొలతలు. 400 డిగ్రీల దగ్గర స్టీలు పొడవు 0.7 శాతం వరకు పెరుగుతుంది, సాంద్రత తగ్గుతుంది. చల్లటి కొలతలతో వేడి కోర్‌ను లెక్కిస్తే కె విలువలో వందల పీసీఎం (ఒక పీసీఎం అంటే లక్షలో ఒక వంతు) తేడా వస్తుంది. క్రాస్ సెక్షన్ లైబ్రరీని (న్యూట్రాన్ చర్యల సంభావ్యతల డేటా) 294 కెల్విన్ దగ్గరే వదిలేసి డాప్లర్ ప్రభావం (ఇంధనం వేడెక్కితే న్యూట్రాన్లను మింగడం మారడం) రాలేదని వెతుక్కోవడం కూడా ఈ కోవలోదే.

సోడియం వాయిడ్ లెక్క (కోర్‌లో సోడియం లేకుండా పోతే ఏమవుతుందన్నది) మీద మాత్రం వారాలు పెట్టినా దండగ కాదు. సోడియం పోతే న్యూట్రాన్ల సగటు శక్తి పెరిగి రియాక్టివిటీ (కె 1 నుంచి ఎంత తప్పిందో చెప్పే కొలత) పెరుగుతుంది. మరోవైపు బయటికి జారిపోయే న్యూట్రాన్లు ఎక్కువై అది తగ్గుతుంది. పెద్ద కోర్ మధ్యలో మొదటిది గెలుస్తుంది, అంచుల్లో రెండోది. మొత్తానికి వచ్చే ఒక్క అంకె రెండు పెద్ద సంఖ్యల తీసివేత, దాన్ని మాత్రమే చూసి ఏమీ తేల్చలేం. ప్రాంతాలవారీగా విడదీయండి. మోంటీకార్లో పరుగు ఒక్కోదానిలో 20 పీసీఎం అనిశ్చితి ఉంటే, రెంటి తేడాలో అది 28 పీసీఎం. మీరు వెతికే ప్రభావం 30 పీసీఎం అయితే ఆ ఫలితానికి విలువ లేదు. అనిశ్చితి పదో వంతుకు తగ్గాలంటే న్యూట్రాన్ చరిత్రలు 100 రెట్లు కావాలి. చిన్న తేడాల కోసం పర్టర్బేషన్ పద్ధతులు (చిన్న మార్పు ప్రభావాన్ని నేరుగా లెక్కించేవి), డిటర్మినిస్టిక్ కోడ్‌లు (యాదృచ్ఛికత లేకుండా సమీకరణాలను సాధించేవి) నేర్చుకోవలసింది ఇందుకే.

న్యూట్రానిక్స్ (న్యూట్రాన్ల లెక్క) ఒక్కటీ చాలదు. 1955 నవంబరులో అమెరికాలోని ప్రయోగాత్మక బ్రీడర్ రియాక్టర్ ఈబీఆర్-1 కోర్ పాక్షికంగా కరిగింది. వేడికి ఇంధన కడ్డీలు లోపలికి వంగి, ఇంధనం మధ్యకు చేరి రియాక్టివిటీ పెరగడం అందులో కీలకం. కడ్డీలు నిటారుగానే ఉంటాయనుకునే మోడల్‌కు ఇది కనిపించదు. దీనికి ఎదురు ఉదాహరణ 1986 ఈబీఆర్-2 పరీక్షలు: స్క్రామ్ (అత్యవసరంగా రియాక్టర్‌ను ఆపేయడం) లేకుండా పంపులు ఆపినా, ప్రధానంగా కోర్ వ్యాకోచం వల్ల పవర్ దానంతటదే పడిపోయింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆ పరీక్షలపై బెంచ్‌మార్క్ (వేర్వేరు కోడ్‌ల లెక్కలను కొలతలతో పోల్చే కసరత్తు) నిర్వహించింది. ఎంఎస్సీ ప్రాజెక్టుకు అందులో ఒక చిన్న ముక్క, ఉదాహరణకు స్థిర స్థితి కె లెక్క, సరిపోతుంది.

మెషిన్ లెర్నింగ్ కోర్సుల మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఆ మోడళ్లకు శిక్షణ డేటా ఇవ్వాల్సింది పై లెక్కలే. ఆ సమయంలో ఫోర్‌ట్రాన్ చదవడం నేర్చుకోండి. ఈ రంగంలో పాత కోడ్‌లు చాలావరకు అందులోనే ఉన్నాయి, రాయకపోయినా ఏ సబ్‌రొటీన్ ఏం చేస్తోందో అర్థం చేసుకోగలగాలి.