జీతం మూడింతలు అయింది, కానీ తులం లెక్క వేస్తే అక్కడే ఉన్నాను

"పదేళ్లలో మీరు నిజంగా ఎదిగారా, లేక చుట్టూ అన్నీ పెరిగాయి కాబట్టి ఎదిగినట్టు అనిపిస్తోందా?" అని ఒకరు అడిగారు. నాకు ఈ టెన్షన్ 2024 దీపావళికి పట్టుకుంది. అక్క కూతురికి కమ్మలు కొందామని కల్వకుర్తిలో షాపుకు పోయి, ధర విని, మళ్లీ వస్తానని చెప్పి బయటికొచ్చేశాను.

మాది కల్వకుర్తి పక్క ఊరు. 2014లో జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో చేరినప్పుడు చేతికి 11 వేలు వచ్చేవి, 2024లో 31 వేలు. ఊళ్లో అందరూ పోరడు సెటిలయిండు అంటారు, నేనూ అదే అనుకున్నాను. ఆ రాత్రి ఫోన్‌లో లెక్క వేశాను. 2014లో తులం (పది గ్రాముల) బంగారం 28 వేల దగ్గర ఉండేది, అంటే నా జీతానికి నాలుగు గ్రాములు. 2024 దీపావళికి తులం దాదాపు 80 వేలు. మళ్లీ నాలుగు గ్రాములే! ఇంకో ముచ్చట, తెలంగాణ తలసరి ఆదాయం 2014-15లో 1.24 లక్షలు ఉంటే 2023-24కు 3.47 లక్షలయింది. ఇంచుమించు నా జీతం పెరిగినంతే. అంటే నేను ఈదింది ఏమీ లేదు, వరదతో పాటు వచ్చాను.

కానీ వడ్లతో లెక్కేస్తే వేరే కథ. మద్దతు ధర 2014-15లో క్వింటాలుకు 1,360, 2024-25లో 2,300. నా నెల జీతానికి అప్పుడు ఎనిమిది క్వింటాళ్లు వస్తే 2024లో పదమూడున్నర. సంతోషపడదామంటే ఆ వడ్లు అమ్మేది మా నాయినే. అప్పుడు ఒక ఎకరం పంటకు తులం వచ్చేది, 2024లో ఎకరంన్నర పైనే కావాల్సి వచ్చింది. ఒకే ఇంట్లో ఒకే పళ్లెంలో తింటూ నేను ముందుకు, ఆయన వెనక్కి.

అట్లని నాయినకు ఏమీ కలిసిరాలేదని కాదు. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కి మట్టి పనికి పోయిన మనిషి, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక ఊళ్లో నిలబడ్డాడు. అది ఆయన గొప్ప కాదు, నాది అసలే కాదు, కాలువది. భూమి ధరల సంగతి వదిలేయండి, దాంతో పోల్చుకుంటే మనసు పాడవుతుంది.

నాది అని చెప్పుకోగలిగింది ఒక్కటే. అక్క పెళ్లికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షా అరవై వేలు. నెలకు 3,200 వడ్డీ, నా మొదటి జీతంలో మూడో వంతుకు కొంచెం తక్కువ. ఓవర్ టైం చేసి, ఒక చీటీ పాడి, 2019లో తీర్చేశాను. సేటు నోటు తిరిగిచ్చాడు. అమ్మకు చదువు రాదు, అయినా నాయిన వేలిముద్ర ఉందా లేదా అని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి మరీ పొయ్యిలో వేసింది.

మరుసటేడు బోరు మోటారు కాలిపోయింది. "మళ్ల ఆ సేటునే అడుగుదమా బిడ్డా?" అన్నాడు నాయిన, అలవాటుగా.

"నా దగ్గర ఉన్నయి నాయినా" అన్నాను.